బూరె మీద రీస్లింగ్

2023 అక్టోబరు పద్నాలుగు, శనివారం, పగలు పదకొండున్నర. అమెరికాలోని బాతెల్ పట్టణం మీద సన్నని తుంపర పడుతున్నది; గాలి లేదు. రఘువీర్ నడుపుతున్న వైన్ దుకాణంలోకి ఉమ గారు గొడుగు మడుచుకుంటూ ప్రవేశించారు. దుకాణం వెనుక వంటగది ఖాళీగా ఉన్నదని ఎవరో చెప్పగా విని వచ్చారామె.

ఉమ గారిది కాకినాడ. భర్త దివాకర్ ఉద్యోగరీత్యా ఈ దేశానికి వచ్చిన నాటి నుంచి ఆమె కాలంలో అధికభాగం ఒక పాఠశాల భోజనశాలలో, గడ్డకట్టిన పిజ్జాలను వేడిచేసి పిల్లలకు అందించడంలోనే గడిచింది. ఆ పనిని ఆమె చులకన చేసి మాట్లాడగా ఎవరూ వినలేదు. అయితే తన చేతి వంటను తన పేరున నలుగురికీ వడ్డించాలన్న కోరిక మాత్రం ఏనాడూ సన్నగిల్లలేదు. రఘువీర్ వరంగల్ వాడు. ప్రయోగశాల ఉద్యోగం మాని ఈ వ్యాపారంలో దిగినవాడు.

"అక్కా, జర్మనీ నుంచి డ్రై రీస్లింగ్ తెప్పించిన. మనోళ్లు ఒక్కరు ముట్టుకుంటలేరు. దానికి సెట్ అయ్యేటట్టు మన వంట చేయి. గెస్టులకు నచ్చిందా, శనివారాలు కిచెన్ నీదే."

"నచ్చకపోతే?"

"నేను చిప్స్ అమ్ముకుంట, నువ్వు పిజ్జాలు వేడి చేసుకో."

ఆ వైన్ లేత బంగారు వన్నెది. డ్రై అన్న పేరుకు తగ్గట్టే తీపి దాదాపు లేదు. పచ్చి ఆపిల్‌ను తలపించే పదునైన పులుపు. ఉమ గారికి తాగే అలవాటు లేదు. నాలుక చివర తాకించుకుని, సాల్మన్ చేప వేపుడు, మామిడికాయ పప్పు, పులిహోర అని నిశ్చయించారు. కారం వైన్‌తో కలిస్తే నోరు మరింత మండుతుందని రఘువీర్ హెచ్చరించగా, మిరపకాయలు సగానికి తగ్గించారు.

రెండు వారాల అనంతరం దుకాణంలోనే, ఊళ్లోని తెలుగువారికి విందు జరిగింది. మన వడ్డనలో తీపి ముందు పడవలెను గదా! ప్రతి పళ్లెంలోను నేయి వేసిన పూర్ణం బూరె మొదట ప్రత్యక్షమైనది. అందరూ తృప్తిగా ఆరగించి గ్లాసులెత్తారు. మరుక్షణమే మొహాలు ముడుచుకుపోయాయి.

"ఏమోయ్ రఘువీర్, వైన్ అయిపోయి వెనిగర్ పోశావా?" అన్నారు పద్మనాభం గారు. ఆయన విశ్రాంత ఇంజనీరు. నోటికి జంకు లేని మనిషి.

రఘువీర్ తానూ రుచి చూసి, రెండో సీసా తెరిచాడు, మూడోదీ తెరిచాడు. అంతా ఒకే పులుపు. ఉమ గారు చేపల పళ్లెం పట్టుకుని వంటగది గుమ్మంలోనే ఆగారు. అసలు వంటలు ఇంకా వడ్డించకముందే విందు ముగిసిపోయేటట్టున్నది.

"స్టాకంత ఖరాబైందక్కా. సారీ చెప్పి అందర్ని పంపిచ్చేద్దాం," అన్నాడు రఘువీర్ లోపలికి వచ్చి.

"ఉండవయ్యా బాబూ! తాగే ముందు నువ్వేం తిన్నావు?"

"బూరెనే."

"లడ్డు తిన్న నోటితో కాఫీ తాగితే ఎలా ఉంటుంది?"

అతడు నుదురు కొట్టుకున్నాడు. "తీపి మీద డ్రై వైన్ వద్దని కస్టమర్లకు రోజు నేనే చెప్త గదక్కా! బంతిల బూరె ముందుండుడు ఎంత అలవాటంటే, నాకు సోయే రాలె."

"సోయి తర్వాత తెచ్చుకుందువు గాని, ముందు మంచినీళ్లివ్వు. చేప చల్లారిపోతోంది."

అందరూ నీళ్లు తాగిన పిమ్మట, నిమ్మరసం పిండిన చేపముక్కలు వడ్డించారు. వంటకంలోని ఉప్పూ పులుపూ తగిలేసరికి వైన్ పదును అణగి, పండు వాసన పైకి వచ్చింది.

"ఇది వేరే సీసా," అన్నారు పద్మనాభం గారు.

"అదే సీసా, అంకుల్."

"నాతో అబద్ధాలాడకు. పులిహోర ఇటు తేవమ్మా, దానితో కూడా తేల్చేద్దాం!"

గిన్నె అడుగంటేదాకా ఆయన తేల్చుతూనే ఉన్నారు.

మరునాడు రఘువీర్ ఫోన్ చేసి, వంటగది ఆమెదేనని చెప్పి, బూరె మానేద్దామన్నాడు. తీపి లేనిదే వడ్డన మొదలుపెట్టనని ఉమ గారు పట్టుబట్టారు. చివరకు ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు: బూరె గుమ్మం దగ్గరే, మంచినీళ్లతో, కూర్చున్నాక ఉప్పటి వడియాలు, ఆపైన వైన్.

2024 జనవరి నుంచి శనివారపు విందులు ఉమ గారి పేరున సాగుతున్నాయి. దివాకర్ బల్లలు సర్దుతాడు. రఘువీర్ ఆ రీస్లింగ్‌ను క్రమం తప్పకుండా తెప్పిస్తున్నాడు. పద్మనాభం గారు కుమార్తె వద్ద ఉండటానికి దేశానికి ఆ చివరనున్న హెర్న్‌డన్ వెళ్లిపోయారు.