నిన్న రాత్రి ఏం తిన్నవ్?

ఖాజాగూడ చెరువు గట్టు మీద మాకు పరుగు నేర్పిన సారు పోయిన ఆదివారం కన్నుమూశారు. ఆ కబురు ఫోన్‌లో చెప్పింది మాతోపాటు పరుగెత్తే అమ్మాయి. ఏడుపు కంటే ముందు నాకు కడుపు మండింది. ఇది కూడా ఆమెకే ముందు తెలియాలా!

లింగంపల్లిలో బడి పిల్లలకు ఆటలు నేర్పి రిటైరైన మనిషి ఆయన. గుండె వేగం చూపించే నా గడియారాన్ని ఏనాడూ కన్నెత్తి చూడలేదు. పక్కనే పరుగెడుతూ, "నిన్న రాత్రి ఏం తిన్నవ్?" అని అడిగేవారు. పప్పు, పెరుగు, నంజుకున్న ఆవకాయతో సహా ఆయాసపడకుండా చెప్పగలిగితే అది తేలిక పరుగు. "అన్నం" అని ఆగిపోతే గట్టి పరుగు. అదే ఆయన కొలత.

వారానికి రెండు రోజులే గట్టిగా, తక్కినవన్నీ తేలికగా పరుగెత్తాలి. ఆ అమ్మాయి నన్ను దాటిపోతుంటే ఓర్వలేక, తేలిక రోజుల్లో కూడా మాదాపూర్‌లో ఆఫీసు అయ్యాక జిమ్‌లో దొంగచాటుగా దౌడు తీసేవాణ్ణి. గట్టి రోజు వచ్చేసరికి కాళ్లు లేచేవి కావు. సారు పసిగట్టారు.

"నిమ్మళంగ ఉరుకుమన్న రోజు నిమ్మళంగ ఉరుకనోనికి, గట్టి రోజు ఏం మిగుల్తది బిడ్డా?" అన్నారు.

ఆ తర్వాత తేలిక రోజుల్లో నా పక్కనుంచి కదల్లేదు. మా కర్నూలు ఎండలు, ఆయన మోకాలి నొప్పి, మిర్చి బజ్జీల మీద ఆయన యావ, అన్నీ కబుర్లే. నాకది శిక్షలా ఉండేది.

నిన్న గట్టు మీద ఆ అమ్మాయి కలిసింది. మెల్లగా పరుగెడుతున్నాం.

"అన్నా, నిన్ను చూస్తె నాకు మస్తు కుళ్లు ఉండె," అంది.

"నన్ను చూసా?"

"'నువ్వైతె చెప్పినట్టు వింటవు, వానికే కావలి ఉండాలె' అని సారు తేలిక రోజుల్ల నన్ను ఒక్కదాన్నే పంపుతుండె. గట్టి రోజేమో ఊపిరే అందకపాయె, ఇగ ముచ్చటేడిది? నీతోని ఏం చెప్తుండె సారు?"

బజ్జీల సంగతి, మోకాలి సంగతి చెప్పాను. వింటూ ఆమె అడుగులు ఇంకా నెమ్మదించాయి. ఒక్కటి మాత్రం దాచాను. "ఆ పిల్ల ఉరుకుతుంటె నా మోకాళ్ల నొప్పి యాదికి రాదు," అనేవారు ఆయన. నోటితో చెప్పడానికి నా ఈర్ష్య ఒప్పుకోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

"నా గురించి ఏమన్న అంటుండెనా?" అని అడిగింది.

నేను వేగం పెంచి, ఊపిరి అందనట్టు, "అన్నం" అన్నాను.