కట్టెలు ఎవరు కొట్టారు?

ఈ మధ్యాహ్నం కాలేజీలో ఒక ఇంగ్లీషు నవల మీద నేను ఉపన్యసించాల్సి వచ్చింది. అందులో ఒక తెల్లదొర ఆవిరి పడవలో ప్రాణాలు అరచేత పట్టుకుని ఏటికి ఎదురు వెళ్తాడు. నేనూ కంకిపాడు నుంచి బెజవాడకు కాలవలో ఎదురే వస్తూ, సాధన కోసం ఆ సాహసమంతా మా తెరచాప పడవ నడిపే సుబ్బయ్యకు వినిపించాను.

"ఆ పడవకి కట్టెలు ఎవరు కొట్టారండీ?" అన్నాడు.

"అక్కడి మనుషులు."

"పేర్లో?"

పుస్తకం తిరగేశాను. "రాయలేదు."

"అయితే గాలి పడిపోయింది గదా, గట్టెక్కి తాడు మీరు లాగండి బాబూ. మీ పేరు మీరే రాసుకోవచ్చు."

రెండు మైళ్లు లాగాను. అరగంట ఆలస్యంగా క్లాసుకు చేరి, ఆ కట్టెలు కొట్టినవాడే కథానాయకుడని ప్రకటించాను. మాస్టారు ఆధారం అడిగితే, కమిలిన భుజం చూపించాను.

హాస్టలు మిత్రులారా, నాకెన్ని మార్కులు రావాలో గోడకు అంటించిన ఈ కాగితం కిందే రాయండి. నా పేరు కొట్టేసినా సుబ్బయ్య పేరు ఉంచండి.