పెద్ద పటేలు నమిలిన బియ్యం

1942లో నన్ను మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక తాలూకా దవాఖానకు సబ్ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. హోదా చూస్తే డాక్టర్లలో కింది మెట్టు. పని చూస్తే పురుడు మొదలు శవపరీక్ష దాకా అన్నీ నా నెత్తినే. మధ్యమధ్య ఊళ్ళ మీద దౌరా తిరిగి టీకాలు వెయ్యాలి.

మధుమేహానికి అప్పటికే హైదరాబాద్‌లో ఇన్సులిన్ దొరికేది. దాన్ని చల్లగా దాచాలి, రోజూ సూది వెయ్యాలి. మంచుగడ్డ మొహమే చూడని మా దవాఖానకు అది అందని మానిపండు. కాబట్టి పాత పద్ధతినే పట్టుకుని వేలాడేవాళ్ళం: పథ్యం, కోడీన్ గోళీలు. కోడీన్ నల్లమందులోంచి తీసే సరుకు. మూత్రంలో చక్కెరను కొంత తగ్గిస్తుందని మాకు నేర్పారు. తగ్గిందో లేదో తెలియాలంటే మూత్రాన్ని నీలి ద్రావకంలో కలిపి స్పిరిట్ దీపం మీద కాచేవాళ్ళం; చక్కెర ఉంటే ఇటుక రంగు తేలేది.

ఆ గోళీలకు ఒక చెడ్డ గుణం ఉంది, నోరు ఎండబెడతాయి. జబ్బు ఎండబెట్టగా మిగిలిన కాస్త తడినీ అవి పీల్చేస్తాయి. ఉమ్మి ఊరని నోట్లో పళ్ళు పుచ్చుతాయి, చిగుళ్ళు వాస్తాయి, నాలుక పగులుతుంది.

కొత్తకోట పక్కన ఒక ఊళ్ళో ఇద్దరు ఈ గోళీలు వాడేవారు. ఒకరు ఊళ్ళో నేరాలు, తగాదాలు చూసే పోలీసు పటేలు తండ్రి. ఆయన్ని ఊరంతా పెద్ద పటేలు అనేది. రెండో మనిషి ఎల్లమ్మ, వాళ్ళింట్లోనే వడ్లు దంచే విధవరాలు. మధుమేహాన్ని ఉన్నోళ్ళ రోగమనేవారు. ఆ సంగతి రోగానికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఎల్లమ్మకు అప్పటికే చిగుళ్ళు వాచి ముందుపళ్ళు కదులుతున్నాయి. ఉప్పునీళ్ళతో పుక్కిలించమనీ, నోరు తడవడానికి బెల్లంముక్క చప్పరించొద్దనీ చెప్పాను.

ఒక దౌరాలో ఆ ఊరు చేరేసరికి పటేలు వాకిట్లో జనం మూగి ఉన్నారు. ఇంట్లో వెండి కడియాలు పోయాయట. అనుమానమున్న పనివాళ్ళందరికీ మంత్రించిన బియ్యం పెట్టి నమిలించారు. నమిలింది మోదుగాకులో ఉమ్మాలి. తడిగా వస్తే నిర్దోషి, పొడిగా వస్తే దొంగ. భయానికి ఎవరి నోరైనా ఎండుతుందన్న ఇంగితం ఆ పరీక్షలో లేదు. ఎల్లమ్మ ఆకులో మాత్రం పొడిపిండి పడింది. పిండిలో నెత్తురు చార కూడా ఉంది.

"తప్పు చేసినోళ్ళ నోరే ఎండుతది. పొద్దుగూకేలోపు ఊరిడిసి పోవాలె" అన్నాడు పటేలు. ఊరు విడిస్తే ఎల్లమ్మకు గూడూ లేదు, కూడూ లేదు.

నాకు ఒళ్ళు మండింది. అది నేనిచ్చిన గోళీల పని అని గట్టిగానే చెప్పాను. డాక్టర్ సాబ్‌కు దవాఖాన సంగతులు తెలుస్తాయి గానీ దొంగల సంగతి ఏం తెలుస్తదని పటేలు నవ్వాడు. జనమూ నవ్వారు.

అరుగు మీద కూర్చున్న పెద్ద పటేలు చెయ్యి చాపాడు. "నేను గూడ గవ్వే గోళీలు మింగుతున్న. నాకు గూడ పెట్టుండ్రి బియ్యం."

"నీకెందుకు నాయినా?" అన్నాడు కొడుకు.

"ఎందుకొద్దురా? నోరు నోరే గద!"

ముసలాయన తీరిగ్గా నమిలి ఆకులో ఉమ్మాడు. పొడిపిండి పడింది. పటేలు ఆ ఆకును తానే మడిచి అవతల పారేసి, జనాన్ని ఎవరి పనికి వాళ్ళు పొమ్మన్నాడు.

ఎల్లమ్మను మళ్ళీ ఎవరూ ఊరు విడవమనలేదు. ఆమె మాత్రం ఆ ఇంటికి దంచడానికి పోలేదు. కడియాలు దొరికాయో లేదో నేను అడగలేదు. మరుసటి వారం గోళీలకు వచ్చినప్పుడు ఆమె ఒక్క మాట అడిగింది: "పెద్ద పటేలుకు నోరెండితే రోగమాయె. నాకెండితే దొంగతనమెట్లాయె సారూ?"

ఆమెకు గోళీలు తగ్గించి పథ్యం బిగించాను. రిటైరయ్యేదాకా ఏ మందు రాసినా రోగి నోరు తెరిపించి చూశాను. ఆ మందు ఏం బాగు చేస్తుందో, ఏం పాడు చేస్తుందో రోగి ఒక్కరికే చెప్పి ఊరుకోలేదు, వెంట వచ్చినవాళ్ళకూ చెప్పాను. రోగి చెబితే నమ్మని ఊళ్ళు ఉంటాయి.