ఎండిన జిగురు, ఈల లేని ఇంజను

“మూత గట్టిగా బిగించన్నా. మళ్ళీ ఎండబెట్టుకోని వచ్చినావంటే నా గడప తొక్కనియ్యను.”

“తొక్కుతాను మస్తానమ్మా. ఏం చేస్తావో చూస్తా.”

డ్రైవర్ దేవదానం గారికీ నాకూ మధ్య జరిగిన చివరి మాటలు ఇవే. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు నూర్జహాన్ రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు.

అది పంతొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం, ఎండాకాలం. బిట్రగుంట రైల్వే కాలనీ ఎదురుగా మా ఆయన వదిలిపోయిన చిన్న కొట్టు నాది. విరిగిన కళ్ళజోళ్ళు, దువ్వెనలు, బొమ్మలు అతికించేదాన్ని. అప్పట్లో నా దగ్గరకు వచ్చేవి ఎక్కువగా సెల్యులాయిడ్ అనే పాత రకం ప్లాస్టిక్ వస్తువులే. వాటి ముక్కలనే అసిటోన్‌లో కరిగిస్తే జిగురు తయారవుతుంది. అసిటోన్ అంటే నీళ్ళలా కనిపించి, చూస్తుండగానే ఆవిరైపోయే ద్రావకం. చదువు లేకపోయినా ఈ పనిలో నాకు ఎదురు లేదనుకునేదాన్ని.

దేవదానం గారు ఇరవై ఏళ్ళు రైలింజను నడిపిన మనిషి. రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయని ఆయన్ను ఇంజను ఎక్కనివ్వడం మానేశారు. నెల్లూరులో ఆపరేషన్‌కు రోజు కూడా ఇచ్చారు. ఓడలో పనిచేసే బావమరిది ఆయనకు ప్లాస్టిక్ ఇంజను బొమ్మ తెచ్చిచ్చాడు. పెట్టె నిండా ముక్కలు, మనమే అతికించుకోవాలి. అచ్చం ఆయన నడిపిన రకమేనట. ఆపరేషన్ ఎటు తిరిగి ఎటు వస్తుందో తెలియదు, ఉన్న కాస్త చూపు పోయేలోగా ఆ ఇంజను నిలబడాలి. ఆయన పట్టు అదీ.

పెట్టెలో వచ్చిన జిగురు సీసాకు మూత సరిగా పెట్టక గట్టిపడనిచ్చాడు. అంతటితో ఆగాడా? స్టవ్ వెలిగించే స్పిరిట్ అందులో పోసి కలిపాడు. విరిగిన పాలలా తెల్లగా ముద్ద కట్టింది.

“ఎవురు పొయ్యమన్నారన్నా దీన్ని?”

“ఎవురూ అన్లా. చిక్కబడితే పల్చన చేసుకోవద్దా?”

“చారు చిక్కబడితే కిరసనాయిలు పోస్తావా?”

అంత ఎగతాళి చేసిన నేను చేసిందేమిటి? నా సెల్యులాయిడ్ జిగురుతో బాయిలర్ రెండు సగాలూ అతికించి పంపాను. మూడో రోజు పొద్దున్నే చేతికొక సగంతో కొట్టు ముందు నిలబడ్డాడు. జిగురు ఎండిన పొరలా ఊడొచ్చింది.

“చార్లో నువ్వేం పోసినావు మస్తానమ్మా?”

ఒళ్ళు మండిపోయింది. దానికి తోడు, అసిటోన్ తగిలిన చోట నల్లటి ప్లాస్టిక్ తెల్లగా మచ్చ కట్టింది. అది ఆయన కంటికి ఆనలేదు. నేనూ చెప్పలేదు.

దువ్వెన అతికించే ముందు దాని విరిగిన పన్ను మీదే జిగురు వేసి చూడమని మా ఆయన నేర్పాడు. ఇంజనుకు పన్ను ఎక్కడుందిలే అని వదిలేశాను. ఉంది! ఈ ముక్కలన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని వస్తాయి. కోసుకున్నాక ఆ చట్రం పుల్లలు మిగులుతాయి.

“ఆ పుల్లలేవన్నా?”

“వంగనారుకు ఊతం పెట్టినా. వానకు పుచ్చవు గదా.”

తలకాయ బాదుకున్నాను. వాళ్ళ పెరట్లోకి వెళ్ళి పుల్లలు పీకుతుంటే ఆయన భార్య రూతమ్మ వదిన, నారు పాడు చేస్తున్నామని ఇద్దరినీ కలిపి తిట్టింది.

ఒక్కో పుల్ల మీద ఒక్కో ద్రావకం చుక్క వేసి చూశాను. కిరసనాయిలు జిడ్డు మిగిల్చింది. టర్పెంటైన్ పైపైన మెత్తబరిచి ఊరుకుంది. కావలిలో లారీలకు రంగు వేసేవాళ్ళ దగ్గర తెప్పించిన, రంగు పల్చన చేసే థిన్నర్ పడగానే పుల్ల కరగడం మొదలెట్టింది. రెండు పుల్లలు ఒత్తి పెట్టి మర్నాడు విరిస్తే, వేరే చోట విరిగింది కానీ అతుకు దగ్గర విరగలేదు. సీసాలోని స్పిరిట్ వంపేసి, ముద్దను బాగా ఆరబెట్టి, అదే థిన్నర్‌లో వేశాను. సాయంత్రానికి తేనెలా జారింది. చచ్చిన జిగురు లేచి కూర్చుంది.

ఇక ఆయనతో వేగడం మొదలు. కిటికీ తెరిచి, పొయ్యి ఆర్పి, నేను కుంచెతో చుక్క పెడితే ఆయన వేళ్ళతో తడిమి ముక్క కూర్చేవాడు.

“ఆ రాడ్డు అట్ట కాదు, కిందికుండాల. నువ్వు నడిపినావా, నేను నడిపినానా?”

“నువ్వే నడిపినావులే. ముందు మూత పెట్టు. ఎన్నిసార్లు చూస్తావన్నా వాసన?”

నెల్లూరు ప్రయాణానికి ముందు రోజు ఈల ఒక్కటే మిగిలింది, బియ్యపు గింజంత. “ఆపరేషనైనాక ఇది నా కళ్ళతో చూసి నేనే అతికిస్తా” అని సీసా తీసుకున్నాడు. అప్పుడు అన్నవే మొదట చెప్పిన మాటలు. కళ్ళు వచ్చాక బాయిలర్ మీద మచ్చ చూసి తిడతాడు, తిట్టనీ అనుకున్నాను.

ఆపరేషన్ దాకా కూడా రాలేదు. ఆసుపత్రిలో చేరిన రెండో రోజే ఆయన గుండె ఆగిపోయింది.

నెల తిరిగాక రూతమ్మ వదిన తువ్వాలులో ఇంజను, అగ్గిపెట్టెలో ఈల, సీసా పట్టుకుని వచ్చింది. “ఈ ఒక్కటీ పెట్టియ్యి మస్తానమ్మా” అంది. సీసా ఎండిపోయి ఉంటుందనుకున్నాను. మూత తిప్పితే కదల్లేదు. పట్టుకారు పెట్టి తిప్పాల్సి వచ్చింది. లోపల జిగురు తేనెలాగే ఉంది. ఒక్కసారి నా మాట విన్నాడు మహానుభావుడు, అదీ నాకు చూపించకుండా.

ఒక చుక్కతో ఈల నిలబడింది.

“ఈ తెల్లమచ్చ ఏంది?” అని వదిన అడిగింది.

“నాది” అన్నాను.

ఆ ప్లాస్టిక్ పేరు పాలిస్టైరిన్ అని చాలా ఏళ్ళ తర్వాత నూర్జహాన్ చెప్పింది. పేరు తెలిసినా తెలియకపోయినా, దాని సొంత ముక్క మీద వేసి చూడకుండా నేను మళ్ళీ ఏ వస్తువూ ముట్టలేదు. గట్టిపడిన జిగురులో దాని ద్రావకం తప్ప వేరొకటి పోయలేదు. చేసిన మచ్చను ఆ రోజే చెప్పేయడం కూడా అప్పుడే నేర్చుకున్నాను, ఆయనకు చెప్పలేకపోయాక.

నూరూ, గడప తొక్కనియ్యననే మాట కొట్టేసినావా ఏంది? ఉండనీ. మొదట్నించీ ఒకసారి చదువు, వింటాను.