ఏడు మూలల బొమ్మ

ఆ ఆస్పత్రిలో ఆమెను అందరూ లిఫ్టమ్మ అనేవారు. స్టూలు మీద కూర్చుని, ఎక్కినవాళ్ళని ఏ అంతస్తని అడగడం, మీట నొక్కడం, స్ట్రెచర్ వస్తే లేచి గోడకు అంటుకుపోవడం ఆమె పని. పెళ్ళయిన కొత్తలో చేరింది. ముప్పై ఆరేళ్ళు వచ్చేసరికి కూడా అదే స్టూలు.

మూడో అంతస్తులో ఎక్స్‌రే గది ఉంది. ఒకరోజు అక్కడి టెక్నీషియన్ ఒక రోగి ఫిల్మును వెలుతురుకు పట్టి, మణికట్టు ఎముకలో వెంట్రుకంత గీత చూపించింది. "పాపం, ఆయన్ని ఏడిపిస్తున్నది ఇదే" అంది. అప్పట్నుంచీ లిఫ్టమ్మకు మనసంతా ఆ గది మీదే.

మనిషి అవసరం లేని కొత్త లిఫ్టు రాబోతోందని కబురొచ్చింది. ఆ సాయంత్రమే ఆమె ఇంట్లో అందరి ముందూ, "నేను ఎక్స్‌రే కోర్సుకి పరీక్ష రాస్తాను" అనేసింది. భర్త ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అత్తగారు మాత్రం తొణకలేదు.

"రాయవే అమ్మాయ్. ఇన్నాళ్ళూ ఆస్పత్రిలో కూర్చుని జనాన్ని పైకి పంపావు. ఇక నువ్వూ పైకి రా."

"అమ్మా, ఆ మాట బయట అనకే!" అన్నాడు భర్త.

ఆ కోర్సుకే ఆమె ఆడపడుచు కూడా చదువుతోంది. వదినా మరదళ్ళిద్దరూ కలిసి వెళ్ళి ప్రవేశ పరీక్ష రాశారు. మరదలికి సీటొచ్చింది. లిఫ్టమ్మకు రాలేదు. మిగతావన్నీ గట్టెక్కినా త్రిభుజాలూ బహుభుజులూ ఆమెను నిలువునా ముంచాయి.

ఫలితాలొచ్చిన మూడో రోజు మరదలు, వదిన జవాబులకు గుర్తులు పెట్టుకున్న ప్రశ్నపత్రం తెచ్చి ఎదురుగా కూర్చుంది. అందులో ఐదు సమాన భుజాలూ ఐదు సమాన కోణాలూ ఉన్న బొమ్మ ఒకటుంది. దాన్ని అడ్డంగా కోస్తూ ఒక గీత.

"ఈ చిన్న కోణం నలభై ఐదని ఎందుకు పెట్టావు వదినా?"

"చూస్తే తెలియట్లేదూ? సరిగ్గా అంతే ఉంది కదా."

"కింద ఏం రాశారో చూశావా?"

బొమ్మ కింద చీమ తలకాయంత అక్షరాలున్నాయి: 'బొమ్మ కొలత ప్రకారం గీసినది కాదు.'

"అంటే కావాలనే తప్పు గీశారా? ఇది మోసం కాదుటే?"

"చెప్పే చేశారుగా, మోసమెలా అవుతుంది? వాళ్ళు రాసిన మాట నమ్ము. బొమ్మని నమ్మకు."

లిఫ్టమ్మ నుదురు కొట్టుకుంది. "చూస్తూ చూస్తూ పప్పులో కాలేశానన్నమాట!"

బహుభుజి కోణాల మొత్తానికి ఒక సూత్రం ఉంది. దాన్ని ఎన్నిసార్లు వల్లె వేసినా, తీసేయాల్సింది ఒకటో రెండో ఆమెకు గుర్తుండేది కాదు. మరదలు సూత్రం వదిలేయమంది. "ఒక మూల పట్టుకో. అక్కణ్ణుంచి అందే మూలలన్నిటికీ గీతలు గియ్యి. బొమ్మ త్రిభుజాలైపోతుంది. ఒక్కోదానికీ నూట ఎనభై. లెక్కపెట్టుకో, అంతే."

ఐదు భుజాల బొమ్మ మూడు త్రిభుజాలైంది. ఆరు భుజాలది నాలుగైంది. ఆ వారమంతా లిఫ్టు ఖాళీగా ఉన్నప్పుడు ఆమె స్టీలు గోడ మీద తడి వేలితో బొమ్మలు గీసింది. తలుపు తెరిచేలోగా అవి ఆరిపోయేవి. ఒకసారి ఆరకముందే చక్రాల కుర్చీలో ఒక ముసలామె వచ్చింది.

"ఏంటమ్మా అది, పగిలిన పెంకా?"

"లెక్క, పెద్దమ్మా."

"వచ్చిందా మరి?"

"ఇంకో అంతస్తు ఎక్కితే వస్తుంది."

మరుసటి ఏడు పరీక్ష హాల్లో ఆమె పక్కన కూర్చున్న అమ్మాయికి ఆమె వయసులో సగం ఉంటుంది. లెక్కల భాగంలో ఏడు మూలల బొమ్మ ఎదురైంది. ఆరు కోణాలు కలిపితే ఏడు వందల డెబ్భై, ఏడోది ఎంత? చూడ్డానికి ఆ మూల అచ్చం గోడ మూలలా తొంభై ఉంది. జవాబుల్లో మొదటిది కూడా తొంభయ్యే. ఆమె పెన్సిలు దాని మీదకే వెళ్ళింది, ఆగింది. బొమ్మ కింద చీమ తలకాయలు కనబడ్డాయి.

ఆమె ఒక మూల పట్టుకుంది. నాలుగు గీతలు గీసింది. ఐదు త్రిభుజాలు. మొత్తం తొమ్మిది వందలు. అందులోంచి ఏడు వందల డెబ్భై తీసేస్తే నూట ముప్పై. ఆ జవాబుకు గుర్తు పెట్టింది. తర్వాతి లెక్క దగ్గరకు వెళ్ళేసరికి భయం పోయి, చిన్నగా సరదా కూడా పుట్టింది. పరీక్షలో సరదా పుడుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

సీటొచ్చింది. జాబితాలో అట్టడుగునే కానీ వచ్చింది. అత్తగారు ఇరుగుపొరుగు అందరికీ చెప్పి, చెప్పినవాళ్ళకే మళ్ళీ చెప్పింది.

కాలేజీలో మొదటి రోజు వరండాలో మరదలు ఎదురై గంభీరంగా మొహం పెట్టింది. "ఇక్కడ వదినా లేదు, మరదలూ లేదు. నేను సీనియర్ని. మేడమ్ అనాలి."

"అలాగే మేడమ్" అంటూ లిఫ్టమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. "తమరు అన్నం డబ్బా ఇంట్లో మర్చిపోయి వచ్చారు."

మరదలు నవ్వాపుకోలేక డబ్బా అందుకుంది. గంట మోగింది. ఇద్దరూ చెరో గదిలోకి పరుగెత్తారు.