నా పేరు విన్న అక్కయ్యగారు

మా పక్కింటి అక్కయ్యగారు పోయారని మొన్న పొద్దున్న వాళ్ళ అమ్మాయి వచ్చి చెప్పింది. మా ఆవిడ కాఫీ గ్లాసు పక్కన పెట్టి భోరుమంది. నేను పోయినా ఇంతగా ఏడుస్తుందా అనిపించింది. అక్కయ్యగారంటే నాకు ఇప్పటికీ అంత అసూయ.

మేం అమెరికాలో, హెర్న్‌డన్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వచ్చింది మొదలు, సాయంత్రం నడకలో అక్కయ్యగారూ మా ఆవిడా ముందు, నేను వెనక. ఏం చెప్పుకుని నవ్వుకునేవారో నా దాకా వచ్చేది కాదు. "జల్ది నడువు తమ్మీ, లేకుంటె నీ పెండ్లాన్ని ఎత్తుకపోత" అనేవారు అక్కయ్యగారు. ఆవిడది కరీంనగర్, మాది తెనాలి.

పోయినేడు మా ఆవిడ తరచూ స్టవ్ మీద పాలు మరిచిపోతోందని డాక్టర్‌కి చూపించాం. నన్ను బయట కూర్చోబెట్టారు. ఇక్కడే పుట్టిన మా కోడలు డాక్టర్ ప్రశ్నల్ని తెలుగులో అడిగింది. "మీ హస్బెండ్ పేరేంటి అత్తయ్యా?" అంటే ఈవిడ తల దించుకుందట. కంగారులో మిగతావాటికీ తడబడిందట. భర్త పేరే గుర్తులేదు, మతిమరుపు జబ్బే కావచ్చు అన్నారు డాక్టర్.

కోడలు ఏడుస్తూ చెబితే అక్కయ్యగారు నవ్వేశారు. "పిచ్చి బిడ్డా, మా కాలపోళ్లు మొగని పేరు నోటితోని అంటరా? ఈసారి నేనొస్త."

అన్నట్టే వెళ్ళారు. మా పద్ధతి కోడలి చేత డాక్టర్‌కి చెప్పించి, "నా చెవుల చెప్పు చెల్లె" అన్నారట. ఈవిడ చెప్పింది. తర్వాత తెలుగు వచ్చిన మనిషిని పెట్టి పరీక్షంతా మళ్ళీ చేశారు. జబ్బు లేదు, వయసుతో వచ్చే మరుపే అన్నారు. ఆ సంతోషం ఎలా చెప్పను, ఉత్తరాలు తెచ్చే ఆవిడకి కూడా లడ్డూలు పెట్టాను. మీ పెద్దవాళ్ళని ఇలాంటి పరీక్షకి తీసుకెళితే, వాళ్ళ ఈడు మనిషిని ఒకరిని తోడు తీసుకెళ్ళండి, నా మాట విని.

కానీ ఇన్నేళ్ళ కాపురంలో నేను వినని నా పేరు అక్కయ్యగారు విన్నారు. "ఎలా అంది అక్కయ్యా?" అని ఎన్నిసార్లు అడిగానో. "మస్తు ముద్దుగ అన్నది. నీకు చెప్పనుగాక చెప్ప" అని ఏడిపించేవారు.

నిన్న చివరిచూపుకి వెళ్ళాం. పూలలో పడుకోబెట్టిన అక్కయ్యగారి చెవి దగ్గర వంగి, మా ఆవిడ చాలాసేపు ఏదో చెప్పింది. నేను కాస్త వెనకగా నిలబడ్డాను, సాయంత్రం నడకలో లాగే. ఒక్క మాటా వినబడలేదు.