వేలాడి చూసిన బేరం

మా తమ్ముడు చెట్టు దిగాక కాసేపు నేలమీదే కూర్చుండిపోయేవాడు. ఎండాకాలంలో విరుచుకుపడే కాలబైశాఖి గాలులు మొదలుకాకముందే మా తాల్‌బగీచా పేటలో ఇళ్లమీదికి వంగిన కొమ్మలు కొట్టడం వాడి పని. అలసటేమో అనుకునేదాన్ని. ఒకరోజు అన్నం పట్టుకెళ్లి చూద్దును కదా, పిడికిళ్లతో తొడలు గుద్దుకుంటున్నాడు. నన్ను చూడగానే చేతులు ఆగిపోయాయి.

"ఏటైనాది?"

"ఏటీ లేదప్పా. సీమలు."

రెండు తొడల మీదా ఒకేసారి పాకే చీమల్ని నేనెప్పుడూ చూడలేదు. అనుమానం పుట్టింది. నాకు అనుమానం పుట్టడం పెద్ద వార్తేం కాదు, పాల ప్యాకెట్టునైనా తిప్పి చూడందే తీసుకోను. తాళ్లూ టార్పాలిన్లూ అమ్మే కొట్టులో పెరిగిన వాళ్లం. సరుకు నచ్చితే మొహంలో కనపడకూడదని మా ఇంట్లో అక్షరాలకంటే ముందు నేర్పారు. నచ్చినట్టు అవతలివాడు పసిగడితే ఇక బేరం లేదు.

ఆ సాయంత్రం వాడు చెట్టెక్కేటప్పుడు కట్టుకునే బెల్టు తిరగేసి చూశాను. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో పనిచేసే స్నేహితుడెవరో ఇచ్చినది. పెద్ద రింగు వీపు వెనక ఉంది. తొడల కింద మెత్తనేది లేదు, సన్నటి నాడాలే. నిలబడి పనిచేసేవాడు జారితే పట్టుకోవడానికి కుట్టిన బెల్టది. మావాడేమో పక్క రింగులకి తాడు వేసుకుని పూటంతా అందులో కూర్చుంటున్నాడు. కాళ్లు మొద్దుబారక ఏం చేస్తాయి? మొద్దుబారిన కాలు ఏదో ఒకరోజు కొమ్మమీద పడబోయి గాలిలో పడుతుంది. ఆ రోజు రాకముందే బెల్టు మార్పించాలనుకున్నాను.

మర్నాడు వాణ్ని వెంటబెట్టుకుని బజారుకెళ్లాను. బెల్టులూ హెల్మెట్లూ అమ్మే బెంగాలీ దాదా కొట్టది. తెలుగువాళ్లతో బేరాలాడి ఆయనకీ తెలుగు వచ్చేసింది. కొట్టు మధ్యలో ఇనుప దూలానికి కప్పీ ఒకటి వేలాడదీశాడు, బెల్టు కట్టుకుని వేలాడి చూసుకోవడానికి.

మొదట హిజ్లీ కాలేజీ పిల్లలు కొండలెక్కడానికి కొనే రకం తీశాడు. పువ్వులా తేలిక. తమ్ముడు అందులో వేలాడుతూ, "బాగానే ఉందప్పా" అన్నాడు. నేను దాని సంగతి వదిలేసి పక్కింటి గొడవ ఎత్తుకున్నాను. కొనేవాడి నోరు అబద్ధమాడుతుంది కానీ ఒళ్లు ఎంతసేపని ఆడుతుంది? కథ సగంలో ఉండగానే వాడి బొటనవేళ్లు తొడ పట్టీల కిందికి దూరాయి.

"దించు దాదా," అన్నాను.

రెండోది చెట్లెక్కేవాళ్లకే చేసినది. నడుం దగ్గర అరచేతి వెడల్పు మెత్త, తొడలకీ మెత్తే. ముందువైపు రెండు రింగుల మధ్య పొట్టి తాడు, దానిమీద జారే కడియం. దాదా కొలత అడగలేదు. టేపు తియ్యలేదు. బకిళ్లు సరిగ్గా తమ్ముడి నడుముకి వచ్చేలా సర్ది అందించాడు. తమ్ముడేమో దానివైపు చూడకుండా గోడకున్న రబ్బరు బూట్లనే చూస్తున్నాడు.

ఇద్దరూ కలిసి నన్ను ముంచుతున్నారన్నమాట. కమీషన్ ఎంతో?

"ముందు నేను ఎక్కుతాను," అన్నాను.

దాదా నా నడుం చూసి పట్టీలు చివరికంటా వదిలాడు. చీర మీద సల్వారు తొడిగినట్టు తయారయ్యాను. కప్పీ లాగాడు. పాదాలు నేల వదిలాయి. తొడలు నొక్కుకుంటాయేమోనని చూశాను, లేదు. పక్కకి తిరిగితే కడియం తాడుమీద జారింది, నడుం నాతోపాటే తిరిగింది. మా ఇంటి కుర్చీలకి లేని సుఖం.

ఆ ముక్క మొహంలో కనపడనివ్వకుండా, "కుట్టు వంకరగా ఉంది," అన్నాను.

"దిగి చెప్పండి దీదీ."

వేలాడే మనిషి బేరానికి ఎందుకూ పనికిరాదని అప్పుడు తెలిసింది. కోపంగా వెళ్లిపోతున్నట్టు నటిద్దామన్నా కాళ్లు నేలకి అందాలి కదా. అయినా అడిగేశాను.

"మావాడి నడుం కొలత నీకెలా తెలుసు?"

దాదా తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు బూట్ల వంక చూశాడు.

"ఈయన చలికాలంలో రెండు మూడుసార్లు వచ్చాడు దీదీ. మీరున్నచోటే వేలాడి టీ తాగాడు. అక్కని తీసుకొస్తాను, నాకు నచ్చినట్టు చెప్పకు, బేరం చెడిపోతుంది అన్నాడు."

"సలికాలం నుంచా? మరి నాతో ఒక్క మాట సెప్పలేదేరా?"

"నచ్చిందంటే బేరం పాడుసేసినావని తిడతావు గదప్పా. నీ అంతట నువ్వే అడుగుతావని సూసినాను."

గాలిలో ఉన్నదాన్ని, కొట్టడానికి చెయ్యి అందలేదు. చలికాలమంతా మొద్దుబారిన కాళ్లతో వీడు కొమ్మలమీద నడిచింది నా బేరం చెడకూడదని.

దింపాక దాదా చెప్పిన మొదటి ధరకే కొనేశాను. ముందువైపు పొట్టి తాడు అరిగితే మార్చుకోవడానికి ఇంకో తాడు ఊరికే ఇమ్మన్నాను. అంతమాత్రం అడక్కపోతే దాదాకి నామీద అనుమానం వచ్చేది.

తర్వాత వారం వాడు మామిడిచెట్టు మీద పనిచేస్తుంటే అన్నం పట్టుకెళ్లాను. దిగాడు. నిలబడ్డాడు. బెల్టు విప్పకుండానే కుళాయి దాకా నడిచివెళ్లి చేతులు కడుక్కున్నాడు.

"ఏటప్పా, అలా సూస్తన్నావు?"

"ఏటీ లేదు. కుట్టు సూస్తన్నాను," అన్నాను.